రక్తపు పోటు, ధమనుల బిరుసుతనము: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

గ్రామమునకు మంచినీరు, మురుగు కాలువ, వీధి దీపము ఎంత అవసరమో పంచాయతీ సభ్యులకు ఎవరును క్రొత్తగా చెప్పనక్కరలేదు. నీరు కలుషితమై నలుగురికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నచో ఊరంతయు కదలును. కాని చప్పుడు లేక, నొప్పి లేక, పది పదునైదు సంవత్సరములపాటు శరీరములో నెమ్మదిగా ముదిరి, ఒకనాటి ఉదయమున ఇంటి యజమానిని పక్షవాతముతో మంచమున పడవేయు వ్యాధి విషయమున మనకు అంతటి మెలకువ లేదు. ఆ వ్యాధి రక్తపు పోటు. ఊరిలో అందరును బి.పి. అని పిలుచునది ఇదియే.

ఇది పట్నవాసుల వ్యాధి అను భావము ఇంకను కొందరిలో కలదు. ఆ భావము సరియైనది కాదు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఒక సంవత్సర కాలమున సంభవించిన మరణములను గూర్చి పరిశోధకులు ఇంటింట విచారించిరి. లెక్కకు వచ్చిన 1,354 మరణములలో నూటికి 32 గుండె, రక్తనాళముల వ్యాధుల వలన కలిగినవి. అంటువ్యాధుల వలన కలిగినవి నూటికి 12 మాత్రమే. కలరా, మశూచికములకు భయపడిన మన గ్రామములు నేడు భయపడవలసినది దేనికో ఈ అంకెలే చెప్పుచున్నవి.

ఇటీవల గ్రామములకు సయితము రక్తపరీక్షల శిబిరములు వచ్చుచున్నవి. ఒక్క బొట్టు రక్తముతో నలుబది, ఏబది పరీక్షలని చెప్పి, పొడవైన కాగితమొకటి చేతికిచ్చుచున్నారు. అందు జి.జి.టి., ఏ.ఎల్.పి. మున్నగు పేర్లును, వాని ప్రక్కన అంకెలును ఉండును. ఒక అంకె హద్దు దాటినచో ఆ కుటుంబము కలత చెందును. అన్నియు హద్దులో నున్నచో, బి.పి. మాత్రలు ఇక అక్కరలేదని మానివేయువారును కలరు. ఈ రెండును ప్రమాదకరములే. రక్తములోని ఈ ఎంజైములకును, బి.పి. గలవారి రక్తనాళములకును గల సంబంధమేమి, ఆ సంబంధమును ఎంతవరకు నమ్మవచ్చును, పంచాయతీ చేయదగినదేమి అను విషయములను ఈ వ్యాసమున వివరింప దలచినాము.

ధమని చేయు పని

గుండె నిమిషమునకు సుమారు 70 పర్యాయములు, దినమునకు సుమారు ఒక లక్ష పర్యాయములు కొట్టుకొనును. ప్రతి పర్యాయమును రక్తమును ఒక్క ఊపున బయటకు నెట్టి, మరల నిండుటకై క్షణకాలము సడలును. అట్లు సడలిన క్షణములో రక్తప్రవాహము ఆగిపోవలెను గదా! కాని ఆగుట లేదు. కారణమేమి?

పైరుకు మందు చల్లు చేతి స్ప్రేయరును వాడిన రైతుకు ఈ ప్రశ్నకు సమాధానము వెంటనే తట్టును. రైతు మీటను ఆగి ఆగి ఆడించును. కాని నాజిల్ నుండి మందు ఆగక, సమానముగా వెలువడుచుండును. స్ప్రేయరు లోపలనున్న పీడనపు గది, మీట ఆడినపుడు ఒత్తిడిని దాచుకొని, మీట ఆగినపుడు కొంచెము కొంచెముగా విడుచుటయే ఇందులకు కారణము. మన శరీరములో ఈ పని చేయునది గుండె నుండి బయలుదేరు బృహద్ధమని. గుండె రక్తమును నెట్టినపుడు అది ఉబ్బి కొంత రక్తమును దాచుకొనును. గుండె సడలినపుడు మరల ముడుచుకొని ఆ రక్తమును ముందుకు పంపును. ఇంగ్లండు దేశమున మతాచార్యుడుగా నుండిన స్టీఫెన్ హేల్స్ ఈ సంగతిని 1733లోనే గ్రహించి, ధమనులను ఆనాటి అగ్నిమాపక యంత్రములలోని గాలి గదితో పోల్చెను. గుర్రపు ధమనికి గొట్టము తగిలించి, రక్తము ఎంత ఎత్తునకు లేచునో కొలిచినవాడును ఆయనయే. మనుష్యుని చేతికి పట్టీ చుట్టి పోటును కొలుచు సాధనమును 1896లో ఇటలీ వైద్యుడు రీవా రోచి రూపొందించెను. 1905లో రష్యా వైద్యుడు కొరోట్కోవ్, చెవి గొట్టముతో నాడి చప్పుడు వినుచు పై అంకెను, క్రింది అంకెను తెలిసికొను పద్ధతిని చేర్చెను. నేడు ఏ.ఎన్.ఎం. సంచిలో నుండు యంత్రము వారి కృషి ఫలమే.

బిరుసుతనము ఎట్లు కలుగును?

బృహద్ధమని గోడలో రెండు విధములైన పోగులు కలవు. మొదటిది ఎలాస్టిన్. ఇది రబ్బరువలె సాగి మరల యథాస్థితికి వచ్చును. రెండవది కొల్లాజెన్. ఇది పగ్గమువలె బిగువైనది, సాగదు. ఎలాస్టిన్ చాలవరకు తల్లి గర్భమునందును, బాల్యమునందును మాత్రమే తయారగును. పెద్ద వయసులో ఒక పోగు తెగినచో దాని స్థానమున క్రొత్తది దాదాపు పుట్టదు. దినమునకు లక్ష పర్యాయములు సాగి ముడుచుకొను పోగులు ఏండ్లు గడిచినకొలది తెగుచుండును. భారమంతయు కొల్లాజెన్ మీద పడును. గోడలో సున్నపు పదార్థము, అనగా కాల్షియము, పేరుకొనును. ఎండలో ఏండ్ల తరబడి పడియున్న నీటి గొట్టమువలె ధమని బిరుసెక్కును. రక్తపు పోటు, పొగాకు, మధుమేహము, మూత్రపిండముల వ్యాధి ఈ మార్పును త్వరపరచును.

ఈ బిరుసుతనమును కొలుచుటకు మార్గమున్నది. గుండె కొట్టినపుడు పుట్టిన ఒత్తిడి, అలవలె ధమని గోడవెంట పరుగెత్తును. అది రక్తముకంటె ఎంతో వేగముగా పోవును. వైద్యుడు మణికట్టు వద్ద పట్టి చూచు నాడి ఈ అలయే. వదులుగా వ్రేలాడు త్రాటిని ఒక కొస యందు ఆడించినచో అల మెల్లగా సాగును. బిగించిన తీగెను మీటినచో రెప్పపాటులో రెండవ కొస చేరును. ధమనియును అట్లే. మెత్తని ధమనిలో అల మెల్లగాను, బిరుసెక్కిన ధమనిలో వడిగాను పోవును. మెడ వద్దను, తొడ మొదట వద్దను నాడిని ఒక యంత్రముతో నమోదుచేసి ఈ వేగమును లెక్కింతురు. అది సెకనుకు 10 మీటర్లు మించినచో బృహద్ధమని బిరుసెక్కినట్లు భావింపవలెనని నిపుణులు 2012లో సూచించిరి.

అల వడిగా పోయినందువలన నష్టమేమి? కాలువలో అల లాకు తలుపును తాకి వెనుకకు మరలునట్లు, ఈ అలయు ధమనులు చీలు చోట్ల తాకి గుండె వైపునకు తిరిగి వచ్చును. ధమని మెత్తగా నున్నపుడు గుండె సడలిన పిదప అది తీరికగా చేరును. బిరుసెక్కినపుడు గుండె ఇంకను రక్తమును నెట్టుచుండగనే ఎదురు వచ్చి పడును. అందువలన బి.పి.లో పై అంకె పెరుగును. గుండె సడలినపుడు రక్తమును నెట్టు శక్తి ధమనికి తగ్గినందున క్రింది అంకె పడిపోవును. గుండెకు శ్రమ హెచ్చును. మెదడు, మూత్రపిండములలోని సున్నితమైన నాళములపై ప్రతి దెబ్బయు సూటిగా తగులును.

పోటు ధమనిని బిరుసెక్కించును. బిరుసెక్కిన ధమని పోటును మరింత పెంచును. గానుగ ఎద్దు తిరిగిన చోటనే తిరిగినట్లు ఈ రెండును ఒకదానినొకటి త్రోయుచుండును. ఎక్కడనో ఒకచోట దీనిని ఆపవలెను.

ఇచ్చట ఒక అపోహను గూర్చి చెప్పవలసి యున్నది. వయసు మళ్లినవారికి పై అంకె 160, 170 ఉండుట సహజమేనని పలువురు అనుచుందురు. అది తరచుగా కనిపించు మాట నిజమే. కాని హాని చేయనిది కాదు. 60 ఏండ్లు దాటి, పై అంకె మాత్రమే హెచ్చుగా నున్న 4,736 మందిపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితములు 1991లో వెలువడినవి. క్లోర్‌థాలిడోన్ అను చౌకయైన మాత్రతో చికిత్స ప్రారంభించిన వారిలో పక్షవాతము నూటికి 36 వంతులు తగ్గెను. కనుక ముసలివారికి మందెందులకను మాట మన ఇండ్లలో ఇక వినిపింపరాదు.

నేరమున పాలుగొన్న ఎంజైములు

శరీరములో జరుగు రసాయనిక మార్పులను త్వరపరచు ఒక విధమైన మాంసకృత్తులకు ఎంజైములని పేరు. అన్నమును ఎక్కువసేపు నమలినకొలది తీపి తెలియుట నోటిలోని ఎంజైము పనియే. రక్తపు పోటు విషయమున ఎంజైములను రెండు తరగతులుగా విభజించుట మంచిది. కొన్ని పోటును పెంచు పనిలో తామే పాలుగొన్నవి. మరికొన్ని జరిగిన హానికి సాక్షులవంటివి.

మొదటి తరగతిలో ముఖ్యమైనది రెనిన్. 1898లో స్టాక్‌హోం నగరమున టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అను శాస్త్రజ్ఞులు కుందేలు మూత్రపిండముల రసమును వేరొక కుందేలు రక్తములోనికి ఎక్కింపగా దాని రక్తపు పోటు పెరిగెను. ఆ రసములోని పదార్థమునకు వారు రెనిన్ అని పేరిడిరి. మూత్రపిండమునకు రక్తము తక్కువగా చేరినపుడు అది రెనిన్‌ను విడుచును. కాలేయము నుండి వచ్చు ఒక మాంసకృత్తును రెనిన్ ఖండించును. ఆ ఖండమును ఏ.సి.ఇ. అను వేరొక ఎంజైము మరికొంత ఖండించి, యాంజియోటెన్సిన్ అను తీవ్రమైన పదార్థముగా మార్చును. ఇది ధమనులను బిగించును. శరీరమున ఉప్పును, నీటిని నిలుపును. బహుకాలము హెచ్చుగా నున్నచో ధమని గోడను మందము చేయును.

ఈ గొలుసును త్రెంపుటకు ఆధారము బ్రెజిల్ దేశపు ఒక రక్తపింజరి జాతి పాము విషమునందు దొరికెను. ఆ విషము ఏ.సి.ఇ.ని అడ్డగించునని గ్రహించిన శాస్త్రజ్ఞులు దానిని అనుసరించి కాప్టోప్రిల్ అను మందును తయారుచేసిరి. 1981లో అది అమెరికాలో వాడుకకు వచ్చెను. ఎనలాప్రిల్ ఆ కోవలోనిదే. నేడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఇచ్చు టెల్మిసార్టాన్ అదే గొలుసును కొంచెము దిగువన త్రెంపును. గర్భిణులు మాత్రము ఈ జాతి మందులను వాడరాదు. గర్భము దాల్చినట్లు తెలియగానే వైద్యునికి చెప్పి వేరు మందు మార్పించుకొనవలెను.

సాక్షులవంటి ఎంజైములు

ఇక పరీక్షా కాగితములో కనిపించు పేర్లకు వత్తము.

జి.జి.టి. అనునది ముఖ్యముగా కాలేయమునకు సంబంధించిన ఎంజైము. గ్లూటాథయోన్ అను పదార్థము శరీరములోని కణములకు తుప్పు పట్టకుండ కాపాడుచుండును. దానిని విడగొట్టుట జి.జి.టి. పని. శరీరముపై ఆ తుప్పు భారము పెరిగినపుడు ఈ ఎంజైమును పెరుగునని పరిశోధకుల తలంపు. జి.జి.టి. హెచ్చుగానున్నవారిలో నాడి అల వేగమును సగటున హెచ్చుగా నుండునని జపాను, కొరియా, చైనా దేశములలోని పరిశీలనలు తెలిపినవి. కాని కల్లు, సారాయి మున్నగునవి త్రాగువారిలోను, కాలేయమున క్రొవ్వు పేరుకొన్నవారిలోను, మూర్ఛకు వాడు కొన్ని మందుల వలనను జి.జి.టి. పెరుగును. త్రాగుడును, స్థూలకాయమును రక్తపు పోటును సయితము పెంచును గదా! కనుక జి.జి.టి.యే ధమనిని చెరచినదా, లేక ఆ రెండింటిని వేరొక కారణమే చెరచినదా అనునది ఆ అంకెను చూచి చెప్పజాలము.

ఏ.ఎల్.పి. అనగా ఆల్కలైన్ ఫాస్ఫటేజు. ఇది కాలేయమునను, ఎముకలయందును ఉండును. ఎముకలో సున్నము చేరుటకు ఇది అవసరము. పైరోఫాస్ఫేటు అను పదార్థము కాల్షియము గట్టిపడకుండ అడ్డుకొనుచుండగా, ఈ ఎంజైము దానిని విడగొట్టి ఆ అడ్డును తొలగించును. ఎముకయందు ఇది మేలు. ధమని గోడయందు ఇదే పని జరిగినచో అచ్చటను సున్నము పేరుకొని గోడ బిరుసెక్కును. ఎలుకల ధమనులలో ఈ ఎంజైమును పెంచి చూడగా అవి సున్నము పట్టిపోయినవి. మూత్రపిండముల వ్యాధి గలవారిలో ఏ.ఎల్.పి. హెచ్చుటకును, ధమనులలో సున్నము చేరుటకును సంబంధము కనబడినది. అయినను ఎదుగుచున్న పిల్లలలోను, నెలలు నిండు గర్భిణులలోను ఏ.ఎల్.పి. సహజముగనే హెచ్చుగా నుండును. బిడ్డ కాగితములో ఆ అంకెను చూచి తల్లిదండ్రులు బెదరిపోనక్కరలేదు.

ఈ ఎంజైమును కొలుచు విద్యలో ఆంధ్రుని పాత్రయు కలదని చెప్పుటకు సంతోషించుచున్నాము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ఫిస్కేతో కలిసి, రక్తములోని ఫాస్ఫరసును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఫాస్ఫటేజు విడగొట్టిన ఫాస్ఫేటును కొలిచినచో ఆ ఎంజైము చురుకుదనము తెలియును గనుక, ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ప్రయోగశాలలలో చిరకాలము వాడుకలో నుండెను. నేటి యంత్రములు వేరొక రసాయనము నుండి పుట్టు పసుపు రంగును కొలుచుచున్నవి.

మూడవది ఎం.ఎం.పి.-9. ఇది ఎలాస్టిన్ మున్నగు పోగులను కొరికివేయు ఎంజైము. పై అంకె మాత్రమే హెచ్చుగానున్న వారిలో ఇది రక్తమున హెచ్చుగా నున్నదనియు, దీనికిని బృహద్ధమని బిరుసుతనమునకును సంబంధము కలదనియు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పరిశోధకులు 2005లో ప్రకటించిరి. ఇది పరిశోధనశాలలకే పరిమితమైన పరీక్ష. గ్రామమునకు వచ్చు శిబిరములతో దీనికి ప్రసక్తి లేదు.

సాక్ష్యము తీర్పు కాదు

పంచాయతీలో తగవు విచారించినవారికి ఈ భేదము బాగుగా తెలియును. దొంగతనము జరిగిన చోట కనిపించిన ప్రతివాడును దొంగ కాడు. హానితోపాటు కనిపించిన ప్రతి ఎంజైమును హానికి కారణము కాదు.

ఇందులకు గొప్ప నిదర్శనమొకటి కలదు. గుండె జబ్బు గలవారి రక్తములో ఎల్.పి.-పి.ఎల్.ఏ.2 అను ఎంజైము హెచ్చుగా నుండుట గమనించి, దానిని అణచినచో గుండెపోటు తగ్గునని తలచి డారాప్లాడిబ్ అను మందును తయారుచేసిరి. దాదాపు 15,800 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితములు 2014లో వెలువడినవి. మందు ఎంజైమును అణచినది. కాని గుండెపోటు, పక్షవాతము, గుండె జబ్బు మరణములు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. సాక్షి నోరు మూయించినంత మాత్రమున నేరము ఆగలేదన్నమాట.

కావున బి.పి. గలవారు ఎంజైముల అంకెలను ఎట్లు చూడవలెను? జి.జి.టి. హెచ్చుగానున్నచో త్రాగుడును, బరువును, కాలేయమును గూర్చి వైద్యునితో మాటలాడుటకు అది ఒక హెచ్చరిక. త్రాగుడు మానినవానికి ఆ అంకె వారములలో దిగివచ్చి ధైర్యమునిచ్చును. అంతకు మించి అది ధమనికి కొలత కాదు. అది హద్దులో నున్నదని మాత్రలు మానరాదు. హద్దు దాటినదని బి.పి. మాత్రలు పెంచుకొనరాదు. బి.పి. గలవారికి తప్పక చేయింపవలసిన పరీక్షలు వేరే కలవు: రక్తములో చక్కెర, క్రొవ్వు, మూత్రపిండముల పని తెలుపు క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్. వీనిలో ఏవి, ఎప్పుడు అవసరమో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడే చెప్పగలడు.

మన గ్రామములలోనే జరిగిన పరిశోధన

ధమనుల బిరుసుతనమును గూర్చిన ఒక ముఖ్యమైన పరిశోధనకు తెలుగు గ్రామములే వేదికయైనవి. హైదరాబాదు సమీపమున 29 గ్రామములను ఎన్నుకొని, వానిలో 15 గ్రామములందు 1987 నుండి 1990 వరకు గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును అదనపు పోషకాహారమును ఇచ్చిరి. మిగిలిన 14 గ్రామములలో ఆ పథకము అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏండ్ల వారైన పిదప 1,165 మందిని పరీక్షించి, ఫలితములను 2008లో ప్రకటించిరి. ఆహారమందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తుగా నుండిరి. రక్తపు పోటులో స్పష్టమైన భేదము లేకున్నను, నాడి అలనుబట్టి కొలిచిన ధమనుల బిరుసుతనము వారిలో తక్కువగా నున్నది.

ఎలాస్టిన్ గర్భమునందును, బాల్యమునందును తయారగునని పైన చెప్పియుంటిమి. ఆ దృష్టితో చూచినచో ఈ ఫలితము ఎంతో ఆలోచింపదగినది. అంగన్‌వాడిలో గ్రుడ్డు, పాలు, పప్పు సక్రమముగా అందుచున్నవా లేదా అని ఒక వార్డు సభ్యుడు విచారించుట, ఏబది ఏండ్ల తరువాత ఆ బిడ్డ ధమని ఎట్లుండునో విచారించుటయే.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగమునకు 73వ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో 23వది ఆరోగ్యము, పారిశుధ్యము. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములును అందు చేరియున్నవి. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘములో పంచాయతీకి స్థానమున్నది. కావున ఈ క్రింది పనులు సభ్యుల అధికారమునకు వెలుపలివి కావు.

1. కొలత: 30 ఏండ్లు నిండిన ప్రతి స్త్రీ పురుషునికి బి.పి. కొలిపింపవలెను. ఆశా కార్యకర్త జాబితాలో మిగిలిపోయినవారు సామాన్యముగా పొలమునకు పోవు పురుషులు, వలసకూలీలు. వారికొరకు తెల్లవారుజామునగాని, సాయంకాలముగాని ఏర్పాటు చేయవలెను. కొలుచుటకు ముందు అరగంట లోపల టీ, చుట్ట పనికిరాదు. అయిదు నిమిషములు వీపు ఆనించి, పాదములు నేలపై నుంచి, మౌనముగా కూర్చుండవలెను. పట్టీని చొక్కాపై కాక చేతిపై చుట్టి, చేతిని గుండె ఎత్తున ఉంచవలెను. రెండుసార్లు కొలువవలెను. 140/90 లేక అంతకు మించి యున్నచో వేరొక దినమున మరల కొలిచి వైద్యునివద్దకు పంపవలెను. మిక్కిలి హెచ్చుగా నున్నచో ఆ దినముననే పంపవలెను.

2. మాత్రలు ఆగకుండ చూచుట: 2017లో ప్రారంభమైన భారత రక్తపు పోటు నియంత్రణ కార్యక్రమమును మొదట చేపట్టిన అయిదు రాష్ట్రములలో తెలంగాణ ఒకటి. అందరికిని ఒకే సులభమైన చికిత్సా క్రమము, మందుల నిలువ, ఇంటికి దగ్గరగా మాత్రలు, రోగి వచ్చెనా లేదా అను లెక్క దీని మూలసూత్రములు. 2022లో ఈ కార్యక్రమమునకు ఐక్యరాజ్యసమితి పురస్కారము లభించెను. బి.పి. మాత్ర కడుపునొప్పి మందు వంటిది కాదు. బాధ తగ్గగానే మానునది కాదు. మొదటి నుండియు బాధ లేదు గదా! ఈ నెల ఎందరు మాత్రలకు రాలేదు, ఉపకేంద్రమున మందు నిలువ ఎంత అను రెండు ప్రశ్నలు ప్రతి నెలయు సమావేశమున అడుగవలెను.

3. ఉప్పు: ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా దినమునకు మనిషికి 5 గ్రాములలోపు, అనగా ఒక చిన్న చెంచాకు మించరాదు. ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక పరిశీలనలో సగటు వాడకము 9 గ్రాములకు పైగా నున్నది. నలుగురున్న ఇంట ఊరగాయ, అప్పడము, వడియము, ఎండు చేప అన్నియు కలుపుకొని నెలకు 600 గ్రాముల ఉప్పు చాలును. మనము వాడుచున్నది కిలోకు పైగానే. ఆవకాయ మానుమని మేము చెప్పుట లేదు. ముద్ద ముద్దకు నంజుకొనుట తగ్గింపుడని చెప్పుచున్నాము. చైనాలో 600 గ్రామములలో, దాదాపు 21,000 మందిపై జరిపిన పరీక్షలో, సోడియము కొంత తగ్గించి పొటాషియము చేర్చిన ఉప్పును వాడినవారికి పక్షవాతము నూటికి 14 వంతులు తగ్గినట్లు 2021లో తెలియవచ్చెను. కాని మూత్రపిండముల వ్యాధి గలవారికి ఆ ఉప్పు ప్రమాదకరము. శ్రీకాకుళం జిల్లా ఉద్దానమువంటి ప్రాంతములలో వైద్యుని సలహా లేక దానిని పంచిపెట్టరాదు.

4. పొగాకు, మద్యము: చుట్ట, బీడీ, ఉత్తరాంధ్ర తీరమున స్త్రీలు త్రాగు అడ్డపొగ, ఇవన్నియు ధమనిని బిగించును. పంచాయతీ కార్యాలయము, పాఠశాల, బస్సు ఆగు చోటు పొగ లేని స్థలములుగా నుండునట్లు సభ్యులే ముందుండి చూడవలెను.

5. అంగన్‌వాడి: గర్భిణుల, పిల్లల ఆహారము తూకమున, నాణ్యమున తగ్గకుండ నెలకొక పర్యాయము తనిఖీ చేయవలెను.

6. పరీక్షా శిబిరములు: పంచాయతీ భవనమును ఎవరైన అడిగినచో, ఏ పరీక్షలు చేయుదురు, రుసుము ఎంత, ఫలితములను వివరించు వైద్యుడు ఎవరు అని ముందుగా విచారించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారి అభిప్రాయమును తీసికొనవలెను. బీదవాని చేతిలోని వేయి రూపాయలు అర్థముకాని కాగితమునకు పోవుటకంటె, ఆహారమునకు పోవుట మేలు.

గ్రామసభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో 30 ఏండ్లు దాటినవారెందరు? వారిలో ఈ సంవత్సరము బి.పి. కొలిపించుకొన్నవారెందరు?

2. గత అయిదేండ్లలో పక్షవాతము వచ్చినవారెందరు? వారిలో మాత్రలు మధ్యలో మానినవారెందరు?

3. ఉపకేంద్రములోని బి.పి. యంత్రమును సరిచూచి ఎంత కాలమైనది?

4. పాఠశాలలో, అంగన్‌వాడిలో, పెండ్లి భోజనములలో ఉప్పు తగ్గించుటకు మనమేమి చేయగలము?

ఈ ప్రశ్నలకు సమాధానములు ప్రయోగశాలలో దొరకవు. పంచాయతీ పుస్తకములలోను, ఆశా కార్యకర్త జాబితాలోను దొరకును. ఎంజైములను గూర్చి శాస్త్రజ్ఞుల విచారణ సాగుచున్నది, సాగవలెను. కాని వారి తీర్పు వచ్చువరకు మనము చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. చేతికి చుట్టు పట్టీ, దినమునకొక మాత్ర, కూరలో తగ్గించిన చిటికెడు ఉప్పు ధమనిని కాపాడునని ఇదివరకే రుజువైనది. ఊరిలో ఒక్క పక్షవాతమును తప్పించిన సభ్యుడు ఒక కుటుంబమును అప్పుల నుండియు, ఒక బాలికను బడి మానుట నుండియు తప్పించినవాడగును. రాబోవు గ్రామసభలోనే ఈ పనికి శ్రీకారము చుట్టుదురని ఆశించుచున్నాము.